మొదటి దశలో ఉన్న షుగరును శరీరం తానే సరిచేసుకుంటుందా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. తెనాలిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాను. పొద్దుననుంచి రాత్రి దాకా కూర్చునే పని. ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. ఏడు నెలల కిందట పరీక్ష చేయిస్తే పరగడుపున 148, తిన్న తరువాత 226, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 7.6 వచ్చాయి. కాలేయానికి కొవ్వు పట్టిందని స్కానింగులో రాశారు. డాక్టరుగారు గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున ఇచ్చి, బరువు తగ్గమన్నారు. ఇప్పుడు హెచ్‌బిఎ1సి 6.8 ఉంది. ఈమధ్య మా బావగారు ఒక వీడియో పంపారు. షుగరును శరీరం తానే బాగుచేసుకోగలదని, మాత్రలే ఆ పనికి అడ్డుపడుతున్నాయని, వాటిని ఆపి పొడపత్రి కషాయం తాగితే 40 రోజుల్లో జబ్బు పోతుందని అందులో చెప్పారు. ఇందులో నిజమెంత? చూడటానికి నేను లావుగా కూడా లేను, మరి బరువు తగ్గమనడం ఎందుకు? మా అమ్మకు 18 ఏళ్లుగా షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటోంది. ఆమె కూడా ఇన్సులిన్ మానేయవచ్చా? – పేరు వద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బావగారు పంపిన వీడియోలో ఒక నిజం, రెండు అబద్ధాలు కలిసి ఉన్నాయి. టైప్ 2 మధుమేహం మొదలైన తొలి సంవత్సరాలలో శరీరం చాలావరకు తనను తాను సరిచేసుకోగలదన్నది నిజం. మాత్రలు ఆ పనికి అడ్డుపడతాయన్నది అబద్ధం, ఆ పనిని కషాయం చేసిపెడుతుందన్నది మరో అబద్ధం. నిజం లేకుండా చెప్పిన అబద్ధాన్ని జనం ఎవరూ నమ్మరు కాబట్టి, ఇలాంటి వీడియోలలో నిజాన్ని ముందు పెట్టి, అసలు సరుకును దాని వెనక అమ్ముతారు. అందుకని ముందు ఆ నిజం ఏమిటో కాస్త వివరంగా చెబుతాను.

ఒకప్పుడు వైద్యులమంతా ఈ జబ్బుకు వెనక్కి మళ్లే దారి లేదనే చెప్పేవాళ్లం. దానికి ఆధారం లేకపోలేదు. బ్రిటన్‌లో 1977లో మొదలై, ఫలితాలు 1998లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, షుగరు బయటపడేనాటికే రోగుల బీటా కణాల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ఉందని, మందులు వాడుతున్నా ఏటేటా ఇంకా తగ్గుతూనే పోయిందని తేలింది. బీటా కణాలంటే క్లోమంలో ఉండి ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలు. ఆ లెక్క చూసినవారెవరికైనా ఆ కణాలు చచ్చిపోతున్నాయనే అనిపిస్తుంది. చచ్చిన కణం తిరిగి రాదు కాబట్టి జబ్బు ముందుకే పోతుంది తప్ప వెనక్కి రాదని తీర్మానించుకున్నాం. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ 2008లో దీనికి వేరొక వివరణను ప్రతిపాదించారు. కణాలు చచ్చిపోలేదని, కొవ్వు ఊపిరాడనివ్వక పని మానేశాయని, కొవ్వును తీసేస్తే మళ్లీ పనిలోకి రావచ్చని దాని సారాంశం.

అది అర్థం కావాలంటే, రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి. షుగరు లేని మనిషి రక్తమంతటిలో కలిపి ఏ సమయంలో చూసినా ఉండే గ్లూకోజు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాడు మాత్రమే. రాత్రి భోజనం అరిగిపోయాక కూడా మెదడు గంటకు ఐదు గ్రాముల చొప్పున గ్లూకోజును వాడుకుంటూనే ఉంటుంది కాబట్టి, ఎవరో ఒకరు దాన్ని నింపుతూ ఉండాలి. ఆ పని కాలేయానిది. మీ బరువున్న మనిషికి కాలేయం తెల్లవార్లూ గంటకు సుమారు ఎనిమిది గ్రాముల గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అంతకు మించి వదలకుండా దాన్ని అదుపులో పెట్టేది ఇన్సులిన్. కాలేయంలో కొవ్వు పేరుకుపోయినప్పుడు ఆ అదుపు సడలుతుంది. ఇన్సులిన్ చాలని చెబుతున్నా వినకుండా కాలేయం గ్లూకోజును తోడిపోస్తూనే ఉంటుంది. రాత్రి రెండు పుల్కాలే తిని పడుకున్నా పొద్దున్నే పరగడుపున 148 ఎందుకు వచ్చిందని మీలాంటివారు ఆశ్చర్యపోతుంటారు. ఆ 148 రాత్రి తిన్న పుల్కాల వల్ల వచ్చింది కాదు, తెల్లవారుజామున మీ కాలేయం పోసినది. స్కానింగులో కాలేయానికి కొవ్వు అని రాసిన మాటను చాలామంది పట్టించుకోరు గాని, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది.

మిగతా సగం క్లోమంలో ఉంది. కొవ్వుతో నిండిన కాలేయం ఆ కొవ్వును తనలోనే ఉంచుకోలేక ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు రూపంలో రక్తంలోకి పంపుతుంది, అందులో కొంత క్లోమంలో చేరుతుంది. చక్కెర రక్తంలోకి వచ్చిన మొదటి పది నిమిషాలలో గబుక్కున ఇన్సులిన్‌ను వదలడం ఆరోగ్యంగా ఉన్న బీటా కణాల లక్షణం. కొవ్వు చేరిన క్లోమంలో ఆ మొదటి విడత పోతుంది. ఇన్సులిన్ వస్తుంది, కానీ ఆలస్యంగా, అరకొరగా వస్తుంది. మీకు తిన్న తరువాత వచ్చిన 226 దాని ఫలితం. చక్కెర పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది, ఆ అదనపు ఇన్సులిన్ కాలేయంలో మరింత కొవ్వును తయారుచేయిస్తుంది, ఆ కొవ్వు మళ్లీ క్లోమానికి చేరుతుంది. ఒకదాన్నొకటి తిప్పే ఈ రెండు చక్రాలు కొన్నేళ్లపాటు చడీచప్పుడు లేకుండా తిరిగాకే మనిషికి షుగరు బయటపడుతుంది.

ఈ చక్రాలను వెనక్కి తిప్పవచ్చునా అని టేలర్ బృందం పరీక్షించి, ఫలితాన్ని 2011లో ప్రచురించింది. షుగరు వచ్చి నాలుగేళ్లు దాటని 11 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు, షుగరు మాత్రలు ఆపారు. మొదటి వారం ముగిసేసరికే పరగడుపు చక్కెర సగటున 166 నుంచి 106కు దిగింది. ఎనిమిది వారాలలో కాలేయంలోని కొవ్వు సుమారు 13 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది. క్లోమంలో కొవ్వు అంతకంటే నిదానంగా తగ్గింది, దానితోపాటే పోయిందనుకున్న ఇన్సులిన్ మొదటి విడత తిరిగి వచ్చింది. అంటే కాలేయం రోజులలో కోలుకుంది, క్లోమానికి వారాలు పట్టింది. ఇదే బృందం తరువాత చేసిన మరో అధ్యయనంలో క్లోమం నుంచి పోయిన కొవ్వును కొలిస్తే సగటున 0.6 గ్రాము తేలింది. ఇంత జబ్బుకూ కారణం అక్కడ గ్రాముకైనా చాలని కొవ్వు! కానీ క్లోమం నుంచి ఆ అరగ్రాము కదలాలంటే ఒంట్లో నుంచి కిలోల కొద్దీ కొవ్వు పోవాలి, దానికి దగ్గరి దారి లేదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. బాగుచేసుకోవడమంటే కొత్త బీటా కణాలు పుట్టుకురావడం కాదు. నడివయసు మనిషిలో ఈ కణాలు దాదాపుగా విభజన చెందవు. జరిగేదల్లా, బతికే ఉండి తమ పనిని, ఒకరకంగా తమ గుర్తింపును కూడా వదిలేసిన కణాలు తిరిగి ఇన్సులిన్ చేసే పనిలోకి రావడమే. అందుకే కాలం ఇంత ముఖ్యం. పనిలేకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కణాలు ఒక దశ దాటాక తిరిగి రావు. ఏడు నెలల కిందట జబ్బు బయటపడిన మీరు ఆ దశకు ఇంకా చాలా ఇవతలే ఉన్నారు.

11 మందిపై చూసిన ఫలితం ఎక్కువమందిలోనూ కనబడుతుందా అన్న సందేహానికి 2017 చివరలో జవాబు వచ్చింది. స్కాట్లాండులోను, ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలోను మామూలు కుటుంబ వైద్యుల దగ్గర చికిత్స పొందుతున్న సుమారు 300 మందిని తీసుకుని, సగం మందికి మామూలు వైద్యం కొనసాగించి, సగం మందికి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఈ రెండో జట్టులో 46 శాతం మంది, మామూలు వైద్యం పొందినవారిలో 4 శాతం మంది మాత్రల అవసరం లేని స్థితికి వచ్చారు. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలోనైతే 86 శాతం మంది. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నేనూ ఆ వీడియోవాళ్ల లెక్కలోకే వస్తాను. రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది. ఐదో ఏడాదికి, సహాయం కొనసాగిన వారిలో కూడా 13 శాతమే మిగిలింది. తగ్గిన బరువు చాలామందిలో మళ్లీ పెరిగింది, దానితోపాటు షుగరూ తిరిగి వచ్చింది. కాబట్టి వైద్యులు దీన్ని నయమవడం అనరు, ఉపశమనం అంటారు. 2021లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం ప్రకారం, షుగరు మందులన్నీ ఆపిన తరువాత కనీసం మూడు నెలలు గడిచాక కూడా హెచ్‌బిఎ1సి 6.5 కంటే తక్కువ ఉంటేనే ఉపశమనం కింద లెక్క. మాత్రలు వేసుకుంటూ వచ్చిన మీ 6.8 మంచి అంకే గాని, ఉపశమనం కాదు.

ఇక, లావుగా లేను కదా అన్న మీ మాట. మీ ఎత్తుకు 70 కిలోలంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 25.4. తెల్లజాతివారి కొలతల ప్రకారం ఇది కొద్దిపాటి అధిక బరువు. భారతీయులకు వాడే కొలతలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోను పక్కపక్కన వేసి ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి కొవ్వంతా పొట్టలో చేరుతుంది. చర్మం కింద కొవ్వును దాచుకునే చోటు ఒక్కొక్కరికి ఒక్కో కొలతలో ఉంటుంది. అటక నిండిపోయాక సామాను నడవలోకి వచ్చినట్టు, ఆ చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి వస్తుంది. ఒకరి అటక 110 కిలోల దగ్గర నిండవచ్చు, మీది 64 కిలోలకే నిండి ఉండవచ్చు. కాబట్టి పక్కవాడితో పోల్చుకోకండి, మీ పాతికేళ్ల వయసులో మీ బరువెంతో గుర్తుచేసుకోండి. పెళ్లినాటి ప్యాంటు ఇప్పుడు నడుముకు పట్టకపోతే, స్కేలు ఏం చెప్పినా ఆ తేడా అంతా ఎక్కడో చేరినట్టే.

బక్కగా ఉన్నవారికి కూడా ఇది పనిచేస్తుందా అన్నది టేలర్ బృందం విడిగా చూసింది. బీఎంఐ 27 కంటే తక్కువ ఉన్న 20 మందిని, సగటున మీకంటే కాస్త తక్కువ బీఎంఐ ఉన్నవారిని, విడతకు 5 శాతం చొప్పున బరువు తగ్గిస్తూ పోయారు. 2023లో ప్రచురించిన ఫలితంలో ఆ 20 మందిలో 14 మంది ఉపశమనం పొందారు. వాళ్లు తగ్గించుకున్న బరువు సగటున పది శాతానికి కాస్త ఎక్కువ. మీకు అది ఏడు కిలోలు. 63 కిలోలకు వస్తే మీ బీఎంఐ 23 లోపుకు చేరుతుంది. ఇదే మీ లక్ష్యం అనుకోండి.

దీన్ని మన వంటింట్లో ఎలా సాధించాలన్నది మీరు అడగకపోయినా చెప్పాల్సిందే. ఆ అధ్యయనాలలో వాడిన 600 నుంచి 850 కేలరీల ఆహారాన్ని వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇంట్లో సొంతంగా మొదలుపెట్టవద్దు. రోజుకు 500 నుంచి 600 కేలరీలు తగ్గించుకుంటే ఆరేడు నెలలలో అదే బరువుకు చేరవచ్చు. రెండు పూటలా కలిపి మీ పళ్లెంలోకి వచ్చే అన్నానికి ఎన్ని గ్రాముల బియ్యం పడుతున్నాయో ఒక్కరోజు తూచి చూడండి. కృష్ణా, గుంటూరు వైపు ఇళ్లలో అది తేలిగ్గా 300 గ్రాములు ఉంటుంది, అంటే వెయ్యి కేలరీల పైమాటే. దాన్ని సగానికి తగ్గించి, ఆ ఖాళీలో కూర, ఆకుకూర పప్పు, పెరుగు, గుడ్డు లేదా చేప పెట్టుకుంటే మీ లెక్క చాలావరకు తీరుతుంది. మాంసకృత్తులు తగ్గకూడదు, తగ్గితే కొవ్వుకు బదులు కండ కరుగుతుంది. బియ్యం మానేసి కొర్రలు తింటున్నాం, అయినా బరువు తగ్గలేదని వాపోయేవాళ్లు నాకు తరచూ ఉత్తరాలు రాస్తుంటారు. కొర్రలలోను, జొన్నలలోను పీచు ఎక్కువ, అది మేలే. కానీ కేలరీలు బియ్యానికి ఇంచుమించు సమానం. సిరిధాన్యాలన్న ధైర్యంతో రెండు గరిటెలు ఎక్కువ తింటే ఫలితం సున్నా.

నూనె లెక్క ఇంకా తేలిక. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు ఖర్చవుతుంటే, మనిషికి రోజుకు 38 గ్రాములు పడుతోందన్నమాట. కూర్చుని పనిచేసే మనిషికి 25 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలు. నెల సరుకులు తెచ్చుకునేటప్పుడే మూడున్నర లీటర్లు తెచ్చుకోండి, పోపులో ఎంత పోశారని రోజూ ఇంట్లో వాదించుకోనక్కరలేదు. నడక సంగతికొస్తే, నడకతో ఒక్కదానితోనే ఏడు కిలోలు తగ్గడం కష్టం. కానీ భోజనమయ్యాక పావుగంట నడిస్తే కండరాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే గ్లూకోజును లాగేసుకుంటాయి. మధ్యాహ్నం దుకాణంలో అన్నం తినగానే మళ్లీ కుర్చీలో కూలబడకుండా వీధి చివరిదాకా రెండుసార్లు పోయివస్తే చాలు.

ఇప్పుడు మాత్రల దగ్గరికి వద్దాం. నేను చెప్పిన ఆ అధ్యయనాలలో ఆహారం మార్చిన రోజే మాత్రలు ఆపారన్నది నిజం. వీడియోవాళ్లు సగం విన్నది ఇదే. ఆపింది మాత్రలు శరీరానికి అడ్డుపడతాయని కాదు. తిండి అంతగా తగ్గించినప్పుడు వాటి అవసరం తగ్గుతుంది, చక్కెర మరీ పడిపోయే ప్రమాదం వస్తుంది. పైగా వారిని తరచుగా పరీక్షించేవారు ఉన్నారు. మందులు బీటా కణాలను చంపుతాయన్న వాదనకు విరుద్ధమైన రుజువు కూడా ఉంది. చైనాలో కొత్తగా షుగరు వచ్చిన 382 మందిపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లోనే కొద్ది వారాలు ఇన్సులిన్‌తో చక్కెరను గట్టిగా అదుపు చేసి ఆపితే, దాదాపు సగం మంది ఏడాది తరువాత కూడా మందులు లేకుండా ఉండగలిగారు. ఎక్కువ చక్కెర కూడా బీటా కణాలకు విషమే. దాన్ని మందుతో దించితే కణాలకు విశ్రాంతి దొరుకుతుంది.

మీ మాత్రలో ఉన్న రెండు మందులలో మెట్‌ఫార్మిన్ ఒంటరిగా చక్కెరను ప్రమాదకరంగా దించదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మీరు తిన్నా తినకపోయినా బీటా కణాల చేత ఇన్సులిన్‌ను వదిలిస్తుంది. మీరు అన్నం సగానికి తగ్గించి ఈ మాత్రను యథాతథంగా వేసుకుంటే చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. కాబట్టి ఆహారం మార్చడానికి ముందే మీ డాక్టరుగారిని కలిసి, ఇలా బరువు తగ్గాలనుకుంటున్నానని, గ్లిమెపిరైడ్‌ను తగ్గించాలా, తీసేయాలా అని అడగండి. ఏ డాక్టరూ దీనికి కోప్పడరు. బరువు తగ్గమన్నది ఆయనే కదా! ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని వారానికి రెండు మూడుసార్లయినా పరగడుపున చూసుకోండి. 70 కంటే తక్కువ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్లీ చూసి, ఆరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. పేరులో గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడేవారు తిండిని, ముఖ్యంగా అన్నాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వచ్చే అవకాశముంది. మీకు ఆ మందు లేదు గాని, ఇది చదివే మరొకరికి ఉండవచ్చు. బీపీ మాత్రలకూ ఇదే జాగ్రత్త, బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది.

పొడపత్రి, కాకర రసం, నేరేడు గింజల పొడి, మెంతులు: వీటిలో మెంతులకున్న పీచు తిన్న తరువాతి చక్కెరను కాస్త తగ్గిస్తుంది, వాడితే తప్పులేదు. కానీ వీటిలో ఏదీ కాలేయంలోని కొవ్వును కరిగించి బీటా కణాలను తిరిగి పనిలో పెడుతుందని చెప్పడానికి ఆధారం లేదు. సీసాలో, ప్యాకెట్టులో అమ్మే పొడులతో ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్నింటిలో గ్లిమెపిరైడ్ జాతి మందులనే గుట్టుగా కలిపినట్టు పరీక్షలలో పలుమార్లు బయటపడింది. అలాంటి పొడి తాగి షుగరు దిగిందని సంతోషించేవారు, తాము మానేశామనుకున్న మాత్రనే మోతాదు తెలియకుండా మింగుతున్నారు.

బరువు తగ్గించడం మొదలుపెట్టే ముందు ఒకసారి కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. రెటీనా అప్పటికే దెబ్బతిని ఉంటే, చక్కెర వేగంగా దిగినప్పుడు అది తాత్కాలికంగా ముదరవచ్చు. మీరు ఉపశమనం సాధించినా ఏటా కంటి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష, హెచ్‌బిఎ1సి మానకూడదు. ప్రయత్నమేమీ లేకుండానే బరువు తగ్గిపోతున్నా, సన్నగా ఉన్నవారికి చిన్న వయసులోనే షుగరు వచ్చినా అది టైప్ 2 కాకపోవచ్చు కాబట్టి, నేను రాసిన ఈ పద్ధతి వారికి వర్తించదు. గర్భిణులకూ వర్తించదు.

మీ అమ్మగారి విషయంలో నా జవాబు వేరు. ఎనిమిది వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గినవారిని టేలర్ బృందం పరిశీలించినప్పుడు, షుగరు వచ్చి నాలుగేళ్లు కానివారిలో 87 శాతం మంది, ఎనిమిదేళ్లు దాటినవారిలో సగం మంది పరగడుపు చక్కెరను మధుమేహం గీత కిందికి తెచ్చుకోగలిగారు. అంటే పాత షుగరులో అవకాశం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అయితే 18 ఏళ్ల తరువాత ఇన్సులిన్ తీసుకుంటున్న మనిషిలో ఎన్ని బీటా కణాలు పనిచేస్తున్నాయో బయట నుంచి తెలియదు. సి-పెప్టైడ్ అనే రక్తపరీక్షతో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో అంచనా వేయవచ్చు. అది బాగా తక్కువగా ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి రోజుల్లోనే వస్తుంది. ఆమెకు అధిక బరువు ఉంటే నిదానంగా తగ్గించడం వల్ల ఇన్సులిన్ మోతాదు దిగవచ్చు, ఆ దించడం కూడా యూనిట్ల లెక్కన, ఆమె డాక్టరు చేతుల మీదుగా జరగాలి. అంతవరకు వీడియో చూసి గాని, ఈ జవాబు చదివి గాని ఆమె ఒక్క పూట ఇన్సులిన్ కూడా మానకుండా చూడండి.